మూడేళ్ల సోలార్ ఫిల్టర్: ఫిల్మ్ భేష్, మూతతోనే పేచీ

సూర్యుణ్ని చూడ్డానికి 80 మిల్లీమీటర్ల టెలిస్కోప్ ముందు మూతలా తొడిగే తెల్లకాంతి ఫిల్టర్ ఇది, మూతకు పలుచటి ఫిల్మ్ అంటించి ఉంటుంది. సైజులూ ధరలూ అందరికీ తెలిసినవే. నేను చెప్పాలనుకున్నది పెనంబ్రా గురించి, అంటే సూర్యుడి మచ్చ చుట్టూ ఉండే బూడిదరంగు అంచు గురించి.

2024 మే రెండో వారం, హైదరాబాద్ తార్నాకలో మా మేడ మీద. 3664 నంబరు మచ్చల గుంపు వచ్చింది, వెడల్పు భూమికి సుమారు పదిహేను రెట్లు. పొద్దున ఏడున్నర, ఎదురింటి రేకులు ఇంకా కాగలేదు. ఫోకస్ వెంట్రుకవాసి తిప్పాను. గాలి తెరలు ఒక్క క్షణం ఆగాయి. మచ్చ నల్లటి నడిభాగం చుట్టూ ఉండే బూడిదరంగు అంచు చారలు చారలుగా విడిపోయింది. చిన్నప్పుడు అయస్కాంతం మీద కాగితం పరిచి ఇనుప రజను చల్లేవాళ్లం కదా, అచ్చం అలాగే. రెండు సెకన్లు, మళ్లీ అలుక్కుపోయింది. ఆ రెండు సెకన్ల కోసమే ఇప్పటికీ మేడ ఎక్కుతున్నాను.

‘అయస్కాంత క్షేత్రాన్ని కళ్లారా చూశా’నని అప్పట్లో అందరికీ చెప్పాను. అది కొంచెం ఎక్కువే. కనిపించేది క్షేత్రం కాదు, అది దువ్వినట్టు సర్దిన వేడి వాయువు. నడిమధ్యన క్షేత్రం దాదాపు నిలువుగా, రెండు మూడు వేల గాస్ (అయస్కాంత బలానికి కొలత) బలంతో ఉంటుంది. భూమిది అర గాస్ అటూఇటూ. అడుగు నుంచి వేడి పొంగి రాకుండా అది అడ్డుపడుతుంది కాబట్టే అక్కడ నలుపు. అంచుకొచ్చేసరికి క్షేత్రం పక్కకు వాలుతుంది, అందుకే చారలు. అమెరికా ఖగోళ శాస్త్రవేత్త హేల్ 1908లో మచ్చల అయస్కాంతత్వాన్ని పట్టుకున్నా, మరుసటేడు కొడైకెనాల్ వేధశాలలో ఎవర్‌షెడ్ అనే శాస్త్రవేత్త ఈ అంచులో వాయువు బయటికి పారుతోందని కనిపెట్టినా వెలుతురును రంగులుగా విడదీసి చూసే వర్ణపటం వల్లే. ఈ ఫిల్టర్‌తో అవి అందవు.

ఇక నా బాధ. పోయిన ఎండాకాలం మా మేనకోడలు చూస్తానంది. మూత తొడిగే ముందు అలవాటుగా వెనక టార్చి వేశాను. ఒక పక్క సన్నటి వెలుగు గీత! ఫిల్మ్‌ను మూతకు పట్టి ఉంచింది ఒట్టి డబుల్ టేపు. మేడ మీది వేడికి జారిపోయింది. “మామయ్యా, ఇంకా ఎంతసేపు?” అంటూ పిల్ల కన్ను ఆనించి చూసే ఐపీస్ పక్కనే నిలబడి ఉంది. నా చేతులు వణికాయి. టెలిస్కోప్ పోగుచేసిన ఎండకు చూపు పోవడానికి క్షణం చాలు, నొప్పి కూడా తెలియదు. అమ్మినాయనకు ఫోన్ చేస్తే “వాడకంలో పోయింది సార్, మేమేం చేస్తాం” అన్నాడు. కళ్లతో పెట్టుకునే వస్తువును టేపుతో అంటించి అమ్మడం నేను క్షమించలేను.

ఫిల్మ్‌కు ఏమీ కాలేదు. వడ్రంగితో రెండు ప్లైవుడ్ రింగులు కోయించి, మధ్యలో దాన్ని ఇరికించి నాలుగు స్క్రూలు బిగించాను. కాస్త ముడతలున్నాయి, బొమ్మకు తేడా రాలేదు.

కొనమంటారా అంటే, మాది తూర్పు తెరిపిగా ఉన్న మేడ, వేడికి గాలి అల్లాడకముందే పొద్దున్నే చూడొచ్చు. మధ్యాహ్నం పడమటి బాల్కనీ నుంచి చూసేవాళ్లకు మచ్చలు కనిపిస్తాయి, చారల మాట చెప్పలేను. పైగా నేను కొన్నది, మచ్చలు పెరిగి తగ్గే పదకొండేళ్ల చక్రంలో మచ్చలు దండిగా ఉన్న కాలంలో. 2019లో కొనుంటే రోజుల తరబడి ఖాళీ పళ్లెమే కనిపించేది.