గడ్డం కత్తికి సాన పడుతుంటే వెన్నుకు టేపు చుట్టాలా, వద్దా? ఏది మేలు?

తాతయ్య గడ్డం గీసుకున్న మడతకత్తి నా చేతికి వచ్చాక మొదటిసారి దాన్ని తెలిసిన ఒకాయనకు సానకు ఇచ్చాను. బాగా పట్టిచ్చారు. చెంప మీద కత్తి ఉందో లేదో తెలియనంత మెత్తగా నడిచింది. నాలుగు నెలలయ్యాక వెంట్రుకను పట్టి లాగడం మొదలైతే, ఈసారి నేనే రాయి ముందు కూర్చున్నాను. 8000 గ్రిట్ రాయి (ఈ అంకె పెరిగేకొద్దీ రాయి సన్నం) మీద యాభై సార్లు, ఆపైన వంద సార్లు నడిపాను. తోలుపట్టీ మీద ఎంత మెరుగు పెట్టినా పదును రాలేదు. వారం రోజులు ఇదే పని.

చివరికి అంచు వాలు, అంటే అంచు పక్కన రాయికి అరిగిన సన్నని పట్టీ మీద మార్కర్‌తో నల్లగా పూసి, రాయి మీద పది సార్లు నడిపి, పదింతలు చూపించే భూతద్దం కింద పెట్టాను. వాలు వెనక భాగంలో సిరా పోయి ఉక్కు తళతళలాడుతోంది. తెగాల్సిన చోట, సరిగ్గా వాదర మీద, వెంట్రుకంత నల్లగీత మొదలు నుంచి కొన దాకా చెక్కుచెదరకుండా ఉంది. వారం రోజులుగా నా రాయి అసలు అంచునే తాకలేదన్నమాట. ఆయనకు ఫోన్ చేస్తే, "వెన్నుకు ఒక వరస టేపు చుట్టి పట్టానండీ, మచ్చ పడకూడదని" అన్నారు. నేనూ ఒక వరస చుట్టి ఐదు సార్లు నడిపేసరికి ఆ నల్లగీత పోయింది. ఆ రాత్రే హాయిగా గడ్డం గీసుకున్నాను.

అప్పటి నుంచి ఈ టేపు సంగతి నాకు చిన్న విషయంగా కనిపించడం లేదు. చాలామంది దీన్ని కత్తి అందం కాపాడుకునే జాగ్రత్తగా మాత్రమే చెబుతారు. నిజానికి టేపు చుట్టగానే పదును కోణమే మారిపోతుంది.

వంటింటి కత్తికి సాన పట్టేటప్పుడు ఎంత వాల్చాలో మన చెయ్యి చూసుకుంటుంది. గడ్డం కత్తికి ఆ అవసరం లేదు. దాన్ని రాయి మీద పడుకోబెడితే వెన్నూ అంచూ రెండూ రాయిని తాకుతాయి. వెన్ను మందం, వెన్ను నుంచి అంచుకు కత్తి వెడల్పు, ఈ రెండే కోణాన్ని తేలుస్తాయి. మా తాతయ్యది జర్మనీలోని జోలింగెన్‌లో చేసిన కత్తి. వెడల్పు 18 మి.మీ., వెన్ను మందం 5 మి.మీ. లెక్క కడితే అంచు దగ్గర రెండు వాలుల మధ్య కోణం దాదాపు 16 డిగ్రీలు. కరెంటు సామాన్ల కొట్లో కొన్న పీవీసీ టేపును మైక్రోమీటరుతో కొలిస్తే 0.13 మి.మీ. ఉంది. వెన్నుకు అటూ ఇటూ వస్తుంది కాబట్టి మందం 0.26 పెరుగుతుంది, కోణం 16.8 డిగ్రీలు అవుతుంది. రెండు వరసలు చుడితే 17.6. ఒక వరసకైతే చూడటానికి డిగ్రీ కూడా లేని తేడాయే. కానీ రాయి మీద ఆ తేడాకే అంచు గాల్లో ఉండిపోతుంది. నాకు వారం పాటు జరిగింది అదే.

టేపు లేకుండా పట్టడంలో నాకు నచ్చేది ఈ లెక్క చెడకపోవడం. రాయి మీద వెన్నూ అంచూ రెండూ అరుగుతాయి. అంచు అరిగి వెడల్పు తగ్గినకొద్దీ వెన్ను కూడా సన్నబడుతుంది, కోణం ఇంచుమించు చేసినవాళ్లు పెట్టిన చోటే ఉంటుంది. వెన్ను అంత మందంగా వదిలిందే అందుకు. మొదటి నుంచీ టేపుతోనే పడితే అంచు ఒక్కటే తరుగుతుంది. నా కత్తి వెడల్పు 18 నుంచి 17 మి.మీ.కి వచ్చి, వెన్ను మాత్రం 5 దగ్గరే ఆగిందనుకోండి, టేపు లేకుండానే 16.9 డిగ్రీలు అవుతుంది. టేపుతో దాదాపు 17.8. ఒక మి.మీ. అరగడానికి, తోలుపట్టీని సరిగ్గా వాడే మనిషికి, చాలా ఏళ్లు పడుతుంది. కాబట్టి ఇది తొందరగా భయపడాల్సిన విషయం కాదు. అయినా కత్తి మనవడి దాకా వెళ్లాలనుకునే వాళ్లు ఆలోచించాల్సిందే.

ఇంకో మాట. వినైల్ టేపు 1940ల్లో వచ్చిన వస్తువు. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లోనూ జోలింగెన్‌లోనూ అంతకు ఎన్నో తరాల ముందు నుంచే ఈ కత్తులు తయారయ్యాయి, వెన్ను ఉక్కును నేరుగా రాయికి ఆనించే వాటికి పదును పెట్టారు. మన ఊళ్లలో క్షౌరం చేసిన పెద్దవాళ్లూ అంతే: రాయి మీద నాలుగు నీటి చుక్కలు వేసి, నాలుగు సార్లు నడిపి, తోలు మీదో అరచేతి మీదో మెరుగు పెట్టేవాళ్లు. ఇప్పుడు సెలూన్లలో సగం బ్లేడు విరిచి పెట్టే కత్తి వచ్చింది. ఒకరికి వాడింది మరొకరికి వాడకూడదు కాబట్టి అది సరైన మార్పే. కాకపోతే సాన తెలిసిన చేతులు తగ్గిపోయాయి, మనమే ఇంట్లో నేర్చుకోవాల్సి వస్తోంది.

మరి టేపు లేకపోతే వెన్ను అరిగి వికారంగా తయారవదా? తయారవుతుంది, చెయ్యి బరువైతే. పాత సామాన్ల అంగళ్లలో దొరికే కత్తుల వెన్ను చూడండి. కొన్నింటికి మొదలు దగ్గర 3 మి.మీ. వెడల్పున చదునైన పట్టీ, కొన దగ్గరికొచ్చేసరికి ఏమీ లేదు. అది టేపు లేనందువల్ల వచ్చిన జబ్బు కాదు. ఒకవైపు వేలితో నొక్కడం వల్ల, నడుమ గుంట పడిన రాయి వాడటం వల్ల, అక్కర్లేకపోయినా గరుకు రాయి ఎక్కించడం వల్ల వచ్చింది. రాయిని ముందు చదును చేసుకుని, కత్తి సొంత బరువుతో నడిపితే వెన్ను మీద సన్నని మెరుపు గీత పడుతుందంతే. నాకది మచ్చలా కనిపించదు. రెండు పక్కలా ఒకే వెడల్పులో ఉంటే కత్తి తిన్నగా ఉందని అదే చెబుతుంది. ఎక్కువ తక్కువలుంటే ఎక్కడ వంపు ఉందో చూపిస్తుంది. టేపు చుడితే ఆ గుర్తు మనకు దొరకదు.

అలాగని టేపు వద్దే వద్దని నేను అనను. వెన్ను మీద చెక్కడం పని ఉన్న కత్తి, బంగారు పూత ఉన్న కత్తి, అలల చార కనిపించే డమాస్కస్ ఉక్కు కత్తి: వీటిని ఉత్త రాయికి ఆనించడానికి నాకు చెయ్యి రాదు. ఒకసారి పోయిన చెక్కడం తిరిగి రాదు. ఒక డిగ్రీ పెరిగిన కోణం నా చెంపకైతే తెలియలేదు. అలాగే పాత షెఫీల్డ్ చీలిక కత్తులు. వాటి పక్కలు లోపలికి గుంటగా ఉండవు, వెన్ను నుంచి అంచు దాకా దాదాపు చదునే. రాయి మీద పెడితే పక్క మొత్తం ఆనుతుంది, ఎంత రుద్దినా పని అంచుకు చేరదు. ఒక వరస టేపు వెన్నును లేపి రాయిని అంచు దగ్గరికి తెస్తుంది. అక్కడ టేపు అలంకారాన్ని కాపాడటానికి కాదు, పని జరగడానికే.

అంచుకు పళ్లు పడిన కత్తుల సంగతి మళ్లీ వేరు. పంటిగాట్లు పోవాలంటే 1000 రాయి మీదో అంతకన్నా గరుకు రాయి మీదో చాలాసేపు రుద్దాలి. వెన్ను అనవసరంగా కరిగేది అప్పుడే. గాట్లు పోయేదాకా టేపుతో పట్టి, తర్వాత టేపు ఊడదీసి, మళ్లీ 1000 రాయి మీదే వాలు కొత్తగా కట్టుకుని, అక్కడి నుంచి సన్న రాళ్లకు వెళ్తాను. టేపు తీశాక 1000 దగ్గర ఆగకుండా నేరుగా 8000కు వెళ్తే నా వారం రోజుల కథే మీకూ జరుగుతుంది.

బెల్జియం ఆర్డెన్స్ కొండల్లో దొరికే కొటిక్యూల్ రాయి వాడేవాళ్లలో దీనికి తలకిందుల పద్ధతి ఒకటి ఉంది. ముందు టేపు లేకుండా, రాయి మీద నీళ్లు వేసి రుద్ది, వచ్చిన బురద మీద వాలంతా కడతారు. చివర్లో వెన్నుకు ఒక వరస చుట్టి కొన్ని సార్లు నడుపుతారు. అప్పుడు వాదర మీద మాత్రమే కంటికి ఆనని రెండో వాలు పడుతుంది. బురద లేకుండా ఆ రాయి మెల్లగా కోస్తుంది కాబట్టి, మొత్తం వాలుకు నునుపు తెచ్చే శ్రమ తప్పి వాదర ఒక్కటే పని చేయించుకుంటుంది. కొత్తవాళ్లకు తొందరగా పదును దొరికే దారి ఇదే. అయితే తర్వాత పదును సరిచేసినప్పుడల్లా టేపు ఉండాల్సిందే.

టేపు చుట్టేవాళ్లకు రెండు మాటలు. మొదటిది, గరుకు రాయి మీద దాన్ని నమ్మకండి. ఒకసారి 1000 మీద నలభై సార్లు నడిపి తిప్పి చూస్తే, మొదలు దగ్గర టేపు చిరిగి సందులోంచి ఉక్కు మెరుస్తోంది. కొన దగ్గర మాత్రం కొత్తలా ఉంది. అంటే ఒకే కత్తికి ఒక చివర ఒక కోణం, మరో చివర ఇంకో కోణం. అందుకే రాయి మారినప్పుడల్లా టేపు మార్చాలి. పాతది అలాగే ఉంచితే దానికి అంటుకున్న గరుకు పొడి సన్న రాయి మీదికి చేరి గీతలు పెడుతుంది, జిగురు రాయికి పట్టుకుంటుంది. రెండోది, చుట్టేటప్పుడు సాగదీయకండి. సాగితే పలచబడుతుంది, మళ్లీ ముడుచుకుని అంచులు లేస్తాయి. ఎలక్ట్రానిక్స్ రిపేరు చేసేవాళ్లు వాడే కాషాయం రంగు కాప్టాన్ టేపు సుమారు 0.06 మి.మీ. ఉంటుంది, అంత తొందరగా చిరగదు, నా కత్తి కోణాన్ని అర డిగ్రీ కూడా మార్చదు. ధర ఎక్కువైనా చెక్కడం కత్తులకు నేను అదే వాడతాను.

కాబట్టి రోజూ వాడే, వెన్ను మీద ఏ అలంకారమూ లేని, గుంట పక్కల కత్తికి టేపు వద్దనే నా మాట. తాతయ్య కత్తిని కూడా ఆ తర్వాతి ఏడాది 1000 రాయి మీద మొదటి నుంచి పట్టి టేపు మాన్పించాను. వెన్ను మీద అర మి.మీ. మెరుపు గీత పడింది, అది నాకు ఇష్టమే.

చేతికొచ్చిన కత్తిని ఇంతకుముందు ఎలా పట్టారో తెలియకపోతే, సిరా పూసి టేపు లేకుండా సన్న రాయి మీద పది సార్లు నడపండి. నల్లగీత వాదర మీద మిగిలితే ఒక వరస చుట్టి మళ్లీ చూడండి. ఎన్ని వరసలకు సిరా వాదర దాకా పోయిందో ఒక చీటీ మీద రాసి కత్తి పెట్టెలో పెట్టండి. మరొకరికి సానకు ఇచ్చేటప్పుడు ఆ చీటీ కూడా ఇవ్వండి.