అంతర్వేదిపల్లిపాలెం బోట్ల షెడ్డులో నా పాత విల్లు రిపేరు

మా మావయ్య అమెరికా నుంచి తెచ్చిన పాత రికర్వ్ విల్లు (కొసలు ముందుకి వంపు తిరిగి ఉండే రకం), లాగడానికి 45 పౌండ్ల బలం కావాల్సింది, రాజోలులో మా ఇంటి అటక మీద రేకుల వేడికి ఏళ్ళ తరబడి పడుంది. మొన్న కిందకి దింపి తుడిస్తే లింబ్ (పట్టుకి పైనా కిందా వంగే భాగం) పొడుగూతా వెంట్రుకల్లాంటి గీతలు, ప్రాణం ఉసూరుమంది. టౌన్లో ఒక షాపాయనైతే చేతిలోకి కూడా తీసుకోకుండా పారేసి కొత్తది కొనుక్కోండి అనేశాడు. ఇదీ ఫైబరే, మన వేట బోట్లూ ఫైబరే కదా అని అంతర్వేదిపల్లిపాలెంలో బోట్లు బాగుచేసే షెడ్డుకి పట్టుకెళ్ళా.

మేస్త్రీ గారు ముందు స్పిరిట్ గుడ్డతో మురికంతా తీసేసి, దూది ఉండతో లింబ్‌ని పైనుంచి కిందకి మెల్లగా రాసుకుంటూ వచ్చారు. ఎక్కడా ఆగలేదు గానీ పట్టుకి కాస్త పైన, అంచు దగ్గర ఒక సన్న పోగు లేచి ఉంది, దూది దానికి చిక్కుకుంది. "కొబ్బరి ఈనె నిలువుగా చీలితే చీపురుకేం కాదండి, అడ్డంగా విరిగితేనే పోయినట్టు" అన్నారు. నిజంగా విషయం అదే. విల్లులో మధ్యన చెక్క, రెండు పక్కలా ఫైబర్ పొర, ఆ పోగులు నిలువుగానే పరిచి ఉంటాయి, కాబట్టి నిలువు గీతంటే పోగుకీ పోగుకీ మధ్య చీలిక, బరువు మోసే పోగులు తెగలేదు. అదే అడ్డంగా గీతుండి గోరు తగులుకుంటున్నా, పొర చెక్క నుంచి ఊడొస్తున్నా ఆ విల్లు ఎక్కుపెట్టొద్దు, ముఖం మీదకే విరుగుద్ది.

నాకు బాగా నచ్చిందేంటంటే బోట్లకి వేసినట్టు మ్యాట్ (గాజు పోగుల గుడ్డ) వేసి రెసిన్ (గట్టిపడే జిగురు) పూసేసి డబ్బులు అడగలేదు. "బోటు వంగకూడదండి, ఇది వంగాలి, ఒకచోట మందం పెంచితే పక్కన విరుగుద్ది" అన్నారు. లేచిన పోగు కింద నీళ్ళలా పల్చగా ఉండే సూపర్ గ్లూ ఒక్క చుక్క వేస్తే అదే లోపలికి పీల్చుకుంది, పైన పాలిథిన్ చుట్టి దారంతో బిగించి రాత్రంతా వదిలేసి పొద్దున్నే 400 నంబర్ వాటర్ పేపర్ తడిపి రుద్దారు. నిలువు గీతల్ని అసలు ముట్టుకోలేదు. 300 రూపాయలు తీసుకున్నారు. పక్కనే కుర్రాళ్ళు మాత్రం మాస్కుల్లేకుండా బోటు గీకుతున్నారు, గాజు పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు, నేను చెప్పి వచ్చా.

వెళ్ళేవాళ్ళు వేట నిషేధం రోజుల్లో, అంటే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వెళ్ళకండి, బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి, మీ విల్లు చూసే తీరిక ఎవరికీ ఉండదు.

ఇంటికొచ్చాక పాత విల్లు కదాని సాగని కొత్త రకం దారం కాకుండా కొంచెం సాగే డాక్రాన్ స్ట్రింగే వేశా, కళ్ళద్దాలు పెట్టుకుని మొదట సగమే లాగుతూ రోజూ కొంచెం కొంచెం పెంచా. ప్రతి గీత చివరా పెన్సిల్‌తో చుక్క పెట్టి తేదీ రాశా. రెండు వారాలు, రోజుకి పాతిక బాణాలు. ఒక్క గీత కూడా చుక్క దాటలేదు.