డిస్‌కార్డ్ రికార్డ్స్: అనంతపురం క్యాసెట్ల అంగడాయన రివ్యూ

సప్తగిరి సర్కిల్ దగ్గర చాలా ఏళ్ళు ఆడియో రికార్డింగ్ సెంటర్ నడిపినవాణ్ణి. పాటల చీటీ, ఖాళీ క్యాసెట్ తెచ్చిస్తే సాయంత్రానికి నింపి ఇచ్చేవాణ్ణి. అందుకే బెంగళూరులో ఉన్న మా మేనల్లుడు "మామా, పాటలు సరే, వీళ్ళ వ్యాపారం చూడు" అని డిస్‌కార్డ్ రికార్డ్స్ అనే ఈ అమెరికా పంక్ (జోరుగా, మోతగా సాగే రాక్ సంగీతం) రికార్డుల కంపెనీ సైట్ లింకు పంపితే, ముందు వ్యాపారమే చూశాను.

సంగీతం గురించి రెండు ముక్కలు. గిటార్ల మోత, అరుపులు. మాటలు సగం అందవు. మా ఆవిడ లేచి తలుపేసింది.

కంపెనీ పుట్టుక మాత్రం నాకు భలే నచ్చింది. 1980లో వాషింగ్టన్ డీసీలో టీన్ ఐడిల్స్ అనే కుర్రాళ్ళ బ్యాండ్ విడిపోయింది. కచేరీల డబ్బు సుమారు 600 డాలర్లు మిగిలింది. తలా ఇంత పంచుకుని పోకుండా, దాంతో తమ పాటలవే 1,000 రికార్డులు కొట్టించారు. ఆ బ్యాండ్‌లోని ఇయన్ మెకే, జెఫ్ నెల్సన్లే కంపెనీని నిలబెట్టారు. అట్టల కోసం ఒక రికార్డు కవరు విప్పి, కొలత గీసుకుని, కత్తెరతో కత్తిరించి, మడిచి, జిగురుతో అంటించారు. క్యాసెట్ డబ్బాలో పెట్టే ఇన్‌లే కార్డుల మీద పాటల పేర్లు చేత్తో రాసి వేళ్ళు నొప్పి పుట్టినవాణ్ణి, వెయ్యి అట్టలంటే ఏమిటో నాకు తెలుసు. ఇంతా చేస్తే పాటలు ఎనిమిది! సీ-60 క్యాసెట్‌లో అరగంట పట్టే ఒక సైడ్ కూడా నిండదు.

బ్యాండ్లతో కాగితం మీద అగ్రిమెంట్లు లేవు. ఖర్చులు పోగా వచ్చింది పంచుకోవడమే. డీసీ చుట్టుపక్కల బ్యాండ్లు తప్ప వేరే ఊరివాళ్ళవి వేయరు. పైగా పోస్టు ఖర్చుతో కలిపి తమ దగ్గర ఎంతకు దొరుకుతుందో రికార్డుల మీదే అచ్చు వేసేవారు. ఇక అంగడివాడు ఎక్కువెలా గుంజుతాడు? గల్లాపెట్టె దగ్గర కూర్చున్నవాడిగా నాకు కొంచెం మండింది కూడా.

నేను కొన్నది ఫుగాజీ అనే వీళ్ళ బ్యాండ్ లైవ్ కచేరీ ఒకటి. 2011 నుంచి సైట్‌లో పెడుతున్నారు, 800కు పైగా కచేరీల రికార్డింగులు ఉన్నాయి. ఒక్కోదానికి 5 డాలర్లు అడుగుతారు, ఒక డాలరు ఇచ్చినా కాదనరు. ఆ రోజు టికెట్ ఎంత, జనం ఎందరు, అసలు రికార్డింగు చేసింది మామూలు క్యాసెట్ మీదా, డాట్ అనే డిజిటల్ టేపు మీదా, అన్నీ రాసి పెట్టారు. సౌండ్ బాగాలేని చోట బాగాలేదనే రాశారు. సరుకు అమ్ముతూ ఆ మాట రాసే ధైర్యం నాకైతే ఎప్పుడూ లేదు.

డబ్బు కట్టడమే తలనొప్పి. కార్డుకు విదేశీ చెల్లింపులు ఆన్ చేయించడానికి బ్యాంకు చుట్టూ తిరగాల్సి వచ్చింది. ఎల్‌పీ రికార్డుల జోలికి పోలేదు. పోస్టు ఖర్చు, కస్టమ్స్ కలిస్తే మనకు కిట్టదు.

ఐదుకు నాలుగు. కొనాలనుకుంటే సౌండ్ బాగుందని రాసిన కచేరీతో మొదలుపెట్టండి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని.