గీజర్ కాయిల్ పోయింది సోలార్ వల్లేనా? నాలుగేళ్ళ వాడకం తరువాత

విశాఖపట్నం మధురవాడలోని మా మేడమీద 3 కిలోవాట్ల సోలార్ పలకలు బిగించి నాలుగేళ్ళు దాటింది. బిల్లు తగ్గిన సంగతి అందరూ చెప్పేదే కనుక దానిని వదిలి, మా గీజర్‌కు జరిగిన దానినే రాస్తాను.

రెండవ ఏడాది భోగినాడు తెల్లవారుజామున, అమ్మ తలంటుకు నీళ్ళు కాగుతుండగా, ఇల్లంతా చీకటైపోయింది. ఆర్‌సీసీబీని (కరెంటు ఎర్త్‌కు కారితే సరఫరా ఆపేసే స్విచ్) ఎన్నిసార్లు ఎత్తినా పడిపోతూ, గీజర్ ప్లగ్గు పీకిన తరువాత గాని నిలవలేదు. "ఆ పలకలు పెట్టినప్పటి నుంచీ ఇంతే" అని అమ్మ తేల్చేసింది. పొద్దు పొడవకముందు పలకలు ఏం చేయగలవని వాదించాను గాని, పగలు ఏమైనా చేశాయేమోనన్న అనుమానం నాకూ లేకపోలేదు.

పండుగ వెళ్ళాక ఎలక్ట్రీషియన్ వచ్చి కాయిల్‌ను బయటకు లాగితే, మా బోరు నీటి సున్నం దానిమీద గట్టి పెంకులా పేరుకొని ఉంది. ట్యాంకును తుప్పు నుంచి కాపాడవలసిన మెగ్నీషియం కడ్డీ తరిగిపోయి తీగ మాత్రం మిగిలింది. సున్నం వేడిని నీటిలోకి పోనివ్వక, కాయిల్ తనలో తానే కాగి, పై గొట్టం చిట్లి, లోపలికి నీరు చేరి, కరెంటు ఎర్త్‌కు పారిందని ఆయన విడమరచి చెప్పాడు.

మధ్యాహ్నం, పలకల డీసీ కరెంటును ఇంటికి పనికివచ్చే ఏసీగా మార్చే ఇన్వర్టర్ తెరమీద 255 వోల్టులు కనిపించకపోయి ఉంటే, పలకలు నిర్దోషులని అక్కడితో ముగించేవాడిని. స్తంభం నుంచి మా ఇంటికి వచ్చే సర్వీసు వైరు పొడవైనది, సన్ననిది. మిగులు కరెంటు దాని గుండా బయటకు పోయేటప్పుడు ఇంటివైపు వోల్టేజీ పెరుగుతుంది. 230 వోల్టుల వద్ద 2,000 వాట్లు తీసుకునే కాయిల్, 255 వద్ద సుమారు 2,450 వాట్లు లాగుతుంది. శుభ్రమైన కాయిల్‌కు ఇది పెద్ద హాని కాదు, నీళ్ళు త్వరగా కాగి థర్మోస్టాట్ కట్ చేస్తుంది. సున్నం పట్టిన మా కాయిల్‌కు మాత్రం మూలిగే నక్కమీద తాటిపండు పడ్డట్టయి ఉండవచ్చు. పైగా సోలార్ వచ్చాక మేము మధ్యాహ్నమే గీజర్ వేయడం మొదలుపెట్టాము. (బయటకు పంపిన యూనిట్లను బిల్లులో తగ్గించే నెట్ మీటరు ఉన్న మాకు దానివల్ల కలిసివచ్చిందేమీ లేదని తరువాత తెలిసింది.) పలకలు బిగించినవారు ఆ వైరు గురించి ఒక్క ముక్కయినా చెప్పలేదన్న కోపం నాకు ఇంకా తీరలేదు.

లావు వైరు వేయించాక మధ్యాహ్నం కూడా 243 దాటడం లేదు. ఏటా సున్నం గీకిస్తున్నాము; కొత్త కాయిల్ రెండు చలికాలాలు గడిపింది. మొదటి ఏడాది "బిగించి మరచిపోవచ్చు" అని బంధువులందరికీ చెప్పిన మాటను మాత్రం ఇప్పుడు చెప్పడం లేదు. కుళాయి నీరు వాడుతూ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరలో ఉండేవారికి ఈ తిప్పలు ఉండకపోవచ్చు. పలకల డీసీని నేరుగా గీజర్‌కు ఇవ్వమన్న ఒక మిత్రుని సలహాను మాత్రం నేను పాటించను: ఏసీకి చేసిన థర్మోస్టాట్‌లో స్విచ్ కొనలు విడిపోయేటప్పుడు పుట్టే డీసీ మెరుపు సులభంగా ఆరదు, ఆ కొనలు అతుక్కుపోతే నీళ్ళు మరుగుతూనే ఉంటాయి.

అమ్మ ఇప్పటికీ తెల్లవారుజామున స్నానానికి వెళ్ళేముందు సోలార్ స్విచ్ ఆపే వెళుతుంది.