కోఠీ సందులో పాత రేడియోకి వైద్యం

తాతయ్య వాల్వు రేడియో (ట్రాన్సిస్టర్ల బదులు గాజు గొట్టాలతో నడిచేది) ఇరవై నిమిషాలు హైదరాబాద్ స్టేషన్, అదే మీడియం వేవ్ 738 కిలోహెర్ట్జ్, చక్కగా పలికేది. ఆ తర్వాత గొంతు పట్టేసినట్టు సన్నగిల్లేది. పక్కన ఒక్కటి తడితే మళ్లీ మామూలే. మా వీధి షాపాయన రెండు వాల్వులు మార్చి 1,800 తీసుకున్నాడు. మూడో రోజుకి మళ్లీ అదే రోగం.

కోఠీ గుజరాతీ గల్లీ పక్క సందులో ఓ పెద్దాయన ఉన్నారని తెలిసి పట్టుకెళ్లా. "షాపుకొస్తే ఇవి బుద్ధిగా పాడతాయి బాబూ, జబ్బు బయటపడేదాకా ఇక్కడే ఉండనీ" అన్నారు. వెనక అట్ట తీసేసి మధ్యాహ్నమంతా ఆన్‌లోనే ఉంచారు. శబ్దం తగ్గగానే ముందు తట్టలేదు, మీటరు పెట్టారు. స్పీకరును నడిపే అవుట్‌పుట్ వాల్వు గ్రిడ్ మీద, అంటే దానికి సిగ్నల్ అందే చోట, ప్లస్ వోల్టేజి కనబడితే కప్లింగ్ కెపాసిటర్ (ముందు వాల్వు నుంచి సిగ్నల్‌ని మాత్రం పంపి డీసీని ఆపేది) లీకవుతున్నట్టేనట. మాదాంట్లో అది లేదు. అప్పుడు ఎండు వెదురుపుల్లతో ఒక్కో అతుకూ తడుతూ పోయారు (లోపల రెండొందల పైచిలుకు వోల్టులు, మీరు చేయకండి). ఓ వాల్వు సాకెట్ దగ్గర గొంతు తిరిగొచ్చింది. భూతద్దంలో చూపించారు: టంకం చుట్టూ వెంట్రుకంత పగులు. వేడెక్కితే విడిపోతోందన్నమాట!

మళ్లీ టంకం వేసి, సాకెట్ పిన్నులు శుభ్రం చేసి 600 తీసుకున్నారు. రెండు నెలలైంది, ఇంకా నోరు మూయలేదు.

కాకపోతే బాగై చేతికి రావడానికి పదకొండు రోజులు పట్టింది, ఆయన ఫోనెత్తరు, రసీదు ఇవ్వరు. ఆదివారం తెరవరు కూడా. నేను వెళ్లి తాళం చూసి తిరిగొచ్చా.