నాలుగేళ్ళుగా పాత ఒలింపియాడ్ మ్యాథ్స్ పేపర్లు చేస్తున్నాం, మా అనుభవం

2021లో స్కూళ్ళు మూసేసి ఆన్‌లైన్ క్లాసులు నడుస్తున్నప్పుడు మొదలైంది మాకు ఈ అలవాటు. మా పాప అప్పుడు ఏడో క్లాసు. నాది తెనాలిలో మెడికల్ షాపు, ఎప్పుడో బీఎస్సీ మ్యాథ్స్ చదివాను, అంతే. డాలస్‌లో మా తమ్ముడి కొడుకు ఏఎంసీ 8 అని అక్కడి స్కూలు పిల్లల పరీక్ష రాస్తుంటే, దాని పాత పేపరొకటి మా తమ్ముడు వాట్సాప్‌లో పంపి "అన్నయ్యా, అమ్మలు చేత చేయించి చూడు" అన్నాడు. 25 లెక్కలు, 40 నిమిషాలు. పాపకి 9 వచ్చాయి. క్లాసులో ఎప్పుడూ వందకి వంద తెచ్చుకునే పిల్ల, ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. నేను మిగతా 16 లెక్కలు చూస్తే ఒక్కటి కూడా దాని సిలబస్ దాటి లేదు, అన్నీ భిన్నాలు, శాతాలు, బొమ్మలే. మరి ఎందుకు రాలేదు అని అప్పట్నుంచి నాలో పడింది.

ఏఎంసీ పాతవి ఓ ఏడాది చేసాక మన దేశం పేపర్లకి వచ్చాం. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా, మన దగ్గర మ్యాథ్స్ ఒలింపియాడ్‌కి మొదటి మెట్టు ఐఓక్యూఎం అనే అర్హత పరీక్ష, ఇదివరకు పీఆర్ఎంఓ అని ఉండేది. ఇప్పటి పద్ధతి ప్రకారం 30 ప్రశ్నలు, 3 గంటలు, 100 మార్కులు, మొదటి పదీ రెండేసి మార్కులు, తర్వాత పదీ మూడేసి, చివరి పదీ ఐదేసి. ఆప్షన్లు ఉండవు, జవాబు 00 నుంచి 99 లోపు ఒక పూర్ణసంఖ్య, దాన్ని ఓఎంఆర్ కాగితం మీద గుండ్రాలు నింపి దిద్దాలి. అది దాటితే ఆర్ఎంఓ, అంటే ప్రాంతీయ స్థాయి పరీక్ష, 3 గంటల్లో 6 లెక్కలు, అక్కడ జవాబుతో పాటు ఎందుకు అలా వస్తుందో మొత్తం రాయాలి. ఆ పైన దేశస్థాయిలో ఐఎన్ఎంఓ, దాని పైన టీముని ఎంపిక చేసే క్యాంపు, చివరికి ఐఎంఓ, అంటే అంతర్జాతీయ ఒలింపియాడ్. ముంబైలో టీఐఎఫ్ఆర్ (టాటా పరిశోధన సంస్థ) వాళ్ళ హోమీ భాభా సెంటర్ సైట్లో పాత పేపర్లు ఫ్రీగా ఉన్నాయి, ప్రింటు తీసుకోవడమే. నాలుగేళ్ళలో ప్రింట్లకీ నోటుబుక్కులకీ తప్ప నేను పెద్దగా పెట్టిన ఖర్చేం లేదు.

ఈ పేపర్లు పిల్లకి ఏం చేస్తాయో ఒక లెక్కతో చెప్తాను, ఇది చాలా పాత లెక్కే, చాలామందికి తెలిసే ఉంటుంది. బోర్డు మీద 1 నుంచి 10 దాకా అంకెలు రాయాలి. ఏవైనా రెండు చెరిపేసి వాటి తేడా రాయాలి, మళ్ళీ రెండు చెరిపి తేడా రాయాలి, ఇలా ఒక్కటే మిగిలేదాకా. చివరికి 0 మిగల్చగలమా? పాప షాపులో కౌంటర్ వెనక కూర్చుని పాత బిల్లుల వెనక చేసింది. మొదటిసారి 1 మిగిలింది, తర్వాత 3, మళ్ళీ 1, తర్వాత 5. పదిహేను సార్లు చేసాక "నాన్నా, రావట్లేదు, ఎప్పుడూ బేసే వస్తోంది" అంది. సరే ఎందుకు అన్నాను. ఆ "ఎందుకు"కి రెండు రోజులు పట్టింది. నాకు జవాబు తెలుసు, నోటి చివరిదాకా వచ్చింది, అయినా ఆపుకున్నాను. మూడో రోజు పొద్దున పళ్ళు తోముకుంటూ వచ్చి చెప్పింది, 7, 4 చెరిపి 3 రాస్తే మొత్తంలోంచి 11 పోయి 3 వచ్చింది అంటే 8 తగ్గింది, అది చిన్న అంకెకి రెట్టింపు, అంటే ఎప్పుడైనా సరిసంఖ్యే తగ్గుతుంది, మొదటి మొత్తం 55 కాబట్టి ఎన్నిసార్లు చేసినా బేసిగానే ఉంటుంది, 0 రాదు అని. నేను వెంటనే "మరి 1 నుంచి 12 దాకా రాస్తే 1 మిగులుతుందా" అన్నాను, నోట్లో బ్రష్షుతోనే వేళ్ళ మీద లెక్కేసి "78, రాదు" అంది. నాకు ఆ పొద్దుటి సంతోషం ఇప్పటికీ అలాగే ఉంది. స్కూల్లో ఇచ్చే వంద లెక్కల్లో ఇలాంటి రెండు రోజులు దొరకవు, అక్కడ సూత్రం ముందే చెప్పేసి తర్వాత లెక్క ఇస్తారు కాబట్టి.

దాంతో ఒక రూలు పెట్టుకున్నాం, మూడు రోజుల దాకా సొల్యూషన్ తెరవకూడదు. నోటుబుక్కులో లెక్క పక్కన మొదలెట్టిన తేదీ, వచ్చిన తేదీ రాస్తాం. ఒక జామెట్రీ లెక్కకి మార్చి 3 అనీ ఏప్రిల్ 11 అనీ ఉంటుంది. నాలుగు బిందువులు ఒకే వృత్తం మీద ఉన్నాయని కనిపెడితే నాలుగు లైన్ల పని. చక్రీయ చతుర్భుజం స్కూల్లోనే చెప్తారు గానీ అక్కడ వృత్తం గీసి ఇస్తారు, ఇక్కడ ఆ వృత్తం ఉందని మనకి తట్టాలి. జామెట్రీలో మాకు ఇప్పటికీ ఇబ్బందే, పేపర్లో బొమ్మ కూడా ఇవ్వరు, మాటలు చదివి మనమే గీసుకోవాలి, స్కేలూ కాంపాసూ పెట్టి పెద్దగా గీస్తే సగం పని అయిపోతుందని మాకు ఆలస్యంగా తెలిసింది.

మొట్టమొదటి ఐఎంఓ 1959లో రుమేనియాలో పెట్టారు, అందులో మొదటి లెక్క చూపిస్తే చాలామంది పేరెంట్స్ నమ్మరు. పైన 21ఎన్+4, కింద 14ఎన్+3 ఉన్న భిన్నం, ఎన్ స్థానంలో ఏ సహజసంఖ్య పెట్టినా ఇంక కొట్టివేతలు కుదరవని నిరూపించాలి. కిందదాన్ని మూడుతో, పైదాన్ని రెండుతో హెచ్చించి తీసేస్తే 1 మిగులుతుంది, అంటే రెండింటినీ భాగించే సంఖ్య ఏదైనా ఆ 1ని కూడా భాగించాలి, అయిపోయింది. ఆరో క్లాసు గ.సా.భా.నే కదా ఇది!

ఇప్పుడు ఇబ్బందులు. అన్నిటికంటే పెద్దది, రాసింది దిద్దేవాళ్ళు లేకపోవడం. ఐఓక్యూఎం వరకు జవాబు కలిస్తే చాలు, పాత పేపర్లతో నెట్టుకురావచ్చు. ఆర్ఎంఓకి మాత్రం మనం రాసిన నిరూపణ సరైనదా కాదా అని ఒకళ్ళు ఎర్ర పెన్నుతో చెప్పాలి. పాప "ఇది స్పష్టమే" అని రాసిన చోటే అసలు లెక్కంతా ఉండేది, అది నాకూ కనపడేది కాదు. నేను కూర్చుని ప్రతి వాక్యం దగ్గరా ఎందుకు, ఎందుకు అని అడగడం మొదలెట్టాక కొంచెం బాగుపడింది గానీ నా చదువు సరిపోదు దానికి. మీ ఊళ్ళో డిగ్రీ కాలేజీలో ఓపికున్న మ్యాథ్స్ లెక్చరర్ ఎవరైనా ఉంటే నెలకోసారైనా చూపించండి, మాకు అది రెండేళ్ళు లేటయింది.

మధ్యలో ఒక కోచింగ్‌లో ఒలింపియాడ్ బ్యాచ్ అంటే చేర్పించాను, పేరెందుకులెండి. నాలుగు నెలలు. రెండొందల సూత్రాల షీటిచ్చి లెక్కకి రెండు నిమిషాలు అని టైమర్ పెట్టారు. పాప నోటుబుక్కు తెరవడం మానేసింది, లెక్క చూడగానే ఏ సూత్రం అని వెతుక్కోవడం మొదలెట్టింది. మాన్పించాను, మళ్ళీ పాత దారిలో పడటానికి ఇంకో మూడు నెలలు పట్టింది. అలాగే స్కూల్లో ఫీజు కట్టించుకుని ఒలింపియాడ్ పేరుతో అందరికీ మెడల్స్ ఇచ్చే పరీక్షలు వేరు, ఇది వేరు, పేరెంట్స్ రెండూ ఒకటే అనుకుంటున్నారు.

ఇంకోటి భాష. మాకు దొరికిన పేపర్లన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. మా షాపులో పనిచేసే కుర్రాడి తమ్ముడు గవర్నమెంటు స్కూల్లో ఎనిమిది, తెలుగు మీడియం, బోర్డు లెక్క తెలుగులో చెప్తే మా పాపకంటే త్వరగా చేసాడు. అదే తరహా లెక్క ఇంగ్లీషులో ఇస్తే ఏం అడుగుతున్నారో అర్థంకాక కాగితం పక్కన పెట్టేసాడు. "కనీసం", "గరిష్ఠంగా", "సరిగ్గా రెండు" లాంటి మాటలు ఇంగ్లీషులో ఎలా ఉంటాయో ఒక పేజీ రాసిచ్చాను, ఇప్పుడు రెండు మార్కుల ప్రశ్నలు వాడే చదువుకుంటున్నాడు. ఇవి తెలుగులో వస్తే ఎంతమంది పిల్లలు బయటపడతారో అనిపిస్తుంది నాకు, నిజంగా బాధగా ఉంటుంది.

ఫలితాలు అడుగుతారు కాబట్టి చెప్తున్నా. ఇంట్లో టైం పెట్టి రాసిన మొదటి పేపర్లో వందకి 11. తొమ్మిదో క్లాసులో అసలు పరీక్ష రాస్తే ఓఎంఆర్‌లో ఒక వరస కిందకి జారి వరుసగా నాలుగు తప్పు దిద్దింది, సెలెక్ట్ అవ్వలేదు. అందుకే ఇంట్లో చేసేటప్పుడే ఓఎంఆర్ కాగితం ప్రింటు తీసి దిద్దించండి, జవాబు 7 అయితే 07 అని దిద్దాలి, ఆ సున్నా చాలామంది మర్చిపోతారు. పదో క్లాసులో ఆర్ఎంఓకి వెళ్ళింది, ఆరులో రెండు పూర్తిగా, ఒకటి సగం చేసింది, ఐఎన్ఎంఓకి రాలేదు.

2024 జులైలో ఇంగ్లండ్‌లోని బాత్ ఊళ్ళో ఐఎంఓ జరిగి మన టీముకి నాలుగు గోల్డ్, ఒక సిల్వర్, మొత్తం మీద నాలుగో స్థానం అని వార్త వచ్చిన రోజు ఆ పేపర్లో మొదటి లెక్క తీసి ఇద్దరం కూర్చున్నాం, ఒక షరతుకి సరిపోయే వాస్తవ సంఖ్యలన్నీ కనిపెట్టాలి అందులో. సరి పూర్ణసంఖ్యలు అన్నీ పనిచేస్తాయని ఆ సాయంత్రమే తేలింది, ఇంకేవీ పనిచేయవని చూపించడం మా వల్ల కాలేదు. సొల్యూషన్ ఇప్పటికీ తెరవలేదు, దానికి మాత్రం మూడు రోజుల గడువు తీసేసాం, ఎన్నాళ్ళయినా తెరవం.

ఎవరికి పనికొస్తుందంటే, ఆరు ఏడు క్లాసులకి ఏఎంసీ 8 పాతవి, ఎనిమిది నుంచి ఐఓక్యూఎంలో మొదటి పది ప్రశ్నలు, రోజుకి ఒకటి చాలు. ర్యాంకు కోసం అయితే వద్దు, జేఈఈకి నేరుగా ఉపయోగం అని కూడా నేను చెప్పను. పాప ఇప్పుడు ఇంటర్ ఫస్టియర్, కాలేజీ నుంచి వచ్చేసరికే రాత్రవుతోంది, వారానికి ఒక్క లెక్కే కుదురుతోంది, ఆదివారం పొద్దున షాపు తీసే ముందు. పోయిన వారంది ఇంకా తేలలేదు, పక్కన తేదీ ఒక్కటే ఉంది.