బరంపురంలో కేలరీల లెక్క: ఒక పోషకాహార సలహా కేంద్రంతో నా అనుభవం

గత నెల బరంపురంలోని ఒక పోషకాహార సలహా కేంద్రంలో 500 రూపాయలు చెల్లించి, రోజుకు నాకెంత శక్తి అవసరమో లెక్క కట్టించుకున్నాను. నా వయసు 52 ఏళ్లు, బరువు 68 కిలోలు, ఎత్తు 165 సెంటీమీటర్లు. అక్కడ 1990 నాటి మిఫ్లిన్-సెయింట్ జియోర్ సూత్రం వాడతారు: బరువును 10తో, ఎత్తును 6.25తో గుణించి కలిపి, అందులోంచి వయసుకు 5 రెట్లు తీసివేసి, పురుషులకైతే 5 కలుపుతారు. ఆ ప్రకారం, విశ్రాంతిలో ఉన్నా నా శరీరానికి 1456 కిలోకేలరీలు కావాలని తేలింది.

ఈ అంకెను రోజువారీ శ్రమను బట్టి ఒక గుణకంతో హెచ్చిస్తే రోజు మొత్తానికి కావలసిన శక్తి వస్తుంది; చిక్కంతా ఆ శ్రమను అంచనా వేయడంలో వచ్చింది. నేను చేసేది బట్టల కొట్టులో పని అనగానే, ఫారం నింపే అబ్బాయి "కూర్చుని చేసే పని" అన్న గడిలో టిక్కు పెట్టి, 1.2తో గుణించి 1747 తేల్చాడు. రోజూ బేళ్లు దించుతూ అటక ఎక్కి దిగే నాకు 1.55 సరిపోతుందని ఆహార నిపుణురాలు దిద్దిన తరువాత అది 2257 అయింది. ఒక్క గడి పొరపాటుతో నా ఒక పూట భోజనమే ఎగిరిపోయేది!

"ఇది అంచనా మాత్రమేనండీ, రెండు వారాలు బరువు చూసుకుని సవరించుకుందాం" అని ఆమె నిజాయితీగా చెప్పడం నచ్చింది. అచ్చువేసి ఇచ్చిన ఆహార పట్టికలో మాత్రం ఓట్స్ ఉన్నాయి గానీ, మా ఇంట్లో రోజూ తినే చద్దన్నం, రాగి అంబలి లేవు. అడిగితే కాగితం వెనక చేత్తో రాసిచ్చారు.